కాన్పు తర్వాత రక్తస్రావం కాకుండా ఇచ్చే మందులు: ఇంట్లోవాళ్లు ఏం తెలుసుకోవాలి, ఎప్పుడు ఏం అడగాలి

బిడ్డ పుట్టాక లేబర్ రూమ్ తలుపు తీసుకుని నేను బయటికి రాగానే అందరూ అడిగే మొదటి మాట "పాపా, బాబా?" అని. తర్వాత బరువు, ఆ తర్వాత సరిగ్గా ఎన్నింటికి పుట్టింది అని, నక్షత్రం చూడాలి కదా. స్టాఫ్ నర్సుగా పదహారేళ్లలో "మా అమ్మాయికి రక్తం ఎలా పోతోంది సిస్టర్, సూది వేశారా?" అని అడిగినవాళ్లు చాలా తక్కువమంది, అందుకే వాళ్లలో చాలామంది మొహాలు నాకు ఇంకా గుర్తున్నాయి. మీ ఇంట్లో తొమ్మిదో నెల వచ్చిన అమ్మాయి ఉంటే ఆ ప్రశ్న అడిగే మనిషి మీరే కావాలని ఇది రాస్తున్నాను. ఈ మందులు మీరు ఇంట్లో కొని వేసేవి కావు, కానీ ఏ మందు ఎందుకు ఇస్తారో, ఎవరికి ఏది పడదో తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉంటే మా పని కూడా సులువవుతుంది.

ముందు అసలు రక్తం ఎందుకు పోతుందో చెప్తాను, ఇది అర్థమైతే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైనే రక్తం వెళ్తుంటుంది, బిడ్డకి కావాల్సినవన్నీ మాయ ద్వారా అందాలి కాబట్టి. బిడ్డ పుట్టాక మాయ ఊడిపోతుంది, అది అతుక్కున్న చోట చిన్న పళ్లెమంత పచ్చి గాయం మిగులుతుంది, దానిలో రక్తనాళాలన్నీ తెరుచుకునే ఉంటాయి. వాటికి కుట్లు వేయడం ఎవరి వల్లా కాదు. గర్భసంచి కండరాల పోగుల మధ్య నుంచే ఆ నాళాలు వెళ్తాయి కాబట్టి, కండరం గట్టిగా ముడుచుకుంటే పోగులే నాళాలను నొక్కిపెట్టి రక్తం ఆపేస్తాయి. అలా ముడుచుకోకుండా మెత్తబడిపోతే, తిప్పి వదిలేసిన కుళాయిలా పోతూనే ఉంటుంది. కాన్పు తర్వాత రక్తస్రావం అయ్యే పదిమందిలో దాదాపు ఏడుగురికి కారణం ఈ మెత్తబడటమే. మిగతావాళ్లకి ఎక్కడో చిరగడం, మాయ ముక్క లోపల ఉండిపోవడం, అరుదుగా రక్తం గడ్డకట్టే గుణం లేకపోవడం.

కవల పిల్లలు, ఉమ్మనీరు ఎక్కువ ఉండటం, బిడ్డ బాగా బరువు ఉండటం, రాత్రంతా నొప్పులు పడి కండరం అలిసిపోవడం, గర్భసంచిలో గడ్డలు, కిందటి కాన్పులో కూడా ఎక్కువ రక్తం పోయి ఉండటం, ఇవన్నీ ఉంటే ప్రమాదం ఎక్కువ. అయితే ఏ ప్రమాద సూచనా లేనివాళ్లకి కూడా ఇది వస్తుంది, చాలాసార్లు వాళ్లకే వస్తుంది. అందుకే "మా అమ్మాయి ఆరోగ్యంగా ఉంది, ఆ సూది దేనికి" అనడానికి లేదు, అందరికీ ఇస్తారు, ఇవ్వాలి.

బిడ్డ పుట్టిన ఒక్క నిమిషంలో

ఆ సూది పేరు ఆక్సిటోసిన్. మన ఒంట్లోనే మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే హార్మోన్ అది, నొప్పులు తెచ్చేదీ చంటిబిడ్డ చీకినప్పుడు పాలు దిగేలా చేసేదీ అదే. దాన్ని 1953లో అమెరికాలో విన్సెంట్ డు విన్యో ప్రయోగశాలలో తయారుచేశాడు, 1955లో ఆయనకి నోబెల్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మోతాదు 10 యూనిట్లు, కండరంలోకి గానీ సెలైన్ పెట్టిన నరంలోకి నెమ్మదిగా గానీ. మన దగ్గర దొరికే ఆంపూల్స్ చాలావరకు 5 యూనిట్లవి, అందుకే రెండు పగలగొట్టి ఒకే సిరంజిలోకి తీస్తాం. రెండు ఆంపూల్స్ చూసి "డబుల్ డోస్ ఇస్తున్నారు" అని కంగారుపడి ఒకాయన గొడవపడ్డారు, ఆయన తప్పు లేదు, ఎవరూ చెప్పలేదంతే.

ఇక్కడ నిమిషాల లెక్క నిజంగా నిమిషాల లెక్కే. బిడ్డ బయటికి రాగానే పొట్ట మీద చెయ్యి వేసి లోపల ఇంకో బిడ్డ లేదని చూసుకుని నిమిషంలోపే సూది వేస్తాం. తొడ కండరంలో వేస్తే రెండు మూడు నిమిషాల్లో పనిచేయడం మొదలుపెడుతుంది, దాదాపు గంటసేపు ఉంటుంది. బొడ్డుతాడు మాత్రం వెంటనే కోయం, ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే మాయలో ఉన్న బిడ్డ రక్తమే ఇంకాస్త బిడ్డకి అందుతుంది, ఆ ఆలస్యానికీ సూదికీ ఏ సంబంధం లేదు, సూది వేసేసే ఆగుతాం. తర్వాత మాయ నెమ్మదిగా తీస్తాం, అన్ని ముక్కలూ వచ్చాయా అని తిప్పి చూస్తాం, పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడిందా అని చూస్తాం. బొడ్డు దగ్గర కొబ్బరికాయలా గట్టిగా తగిలితే మనసు కుదుటపడుతుంది. సిజేరియన్ అయినా ఇదే మందు ఇస్తారు, నరంలోకి.

కాబట్టి మీరు చేయాల్సింది: నొప్పులతో చేరినప్పుడే, అందరూ తీరిగ్గా ఉన్నప్పుడే, "బిడ్డ పుట్టాక రక్తం పోకుండా సూది వేస్తారు కదా సిస్టర్, ఉందా ఇక్కడ?" అని ఒక్కసారి అడగండి. గొడవగా కాదు, మామూలుగా. కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో లేబర్ రూమ్‌లోకి తోడుగా ఒక ఆడమనిషిని రానిస్తారు, రానిస్తే అలాంటివి గుర్తుండే మనిషిని పంపండి, ఏడ్చే మనిషిని కాదు.

అదే సూది, బిడ్డ పుట్టకముందు

ఈ విషయంలో నాకు చాలా బాధ ఉంది, కాస్త ఎక్కువే రాస్తాను. అదే ఆక్సిటోసిన్‌ని "నొప్పుల ఇంజెక్షన్" అని నొప్పులు పెరగడానికి కూడా వాడతారు, కానీ దానికి పద్ధతి వేరు: సెలైన్‌లో అతి తక్కువ మోతాదు కలిపి, చుక్కలు లెక్కపెట్టి, బిడ్డ గుండె చప్పుడు మాటిమాటికీ వింటూ, సిజేరియన్ చేసే ఏర్పాటు దగ్గర్లో పెట్టుకుని ఇవ్వాలి. ఇంటి దగ్గర ఆర్ఎంపీ గానీ ఇంకెవరైనా గానీ "కాన్పు త్వరగా అయిపోతుంది" అని తొడకి ఒక సూది పొడిస్తే దాన్ని వెనక్కి తీసుకోలేం. గర్భసంచి వదలకుండా బిగిసిపోతుంది, బిడ్డకి ఆక్సిజన్ అందదు, కొన్నిసార్లు గర్భసంచే చిరిగిపోతుంది, ముందు ఆపరేషన్ అయినవాళ్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అదీగాక ముందే అంత మందు తగిలిన కండరం అలిసిపోయి కాన్పయ్యాక మనకి కావాల్సినప్పుడు ముడుచుకోదు. ఇంటి దగ్గర సూది వేయించుకుని మా దగ్గరికి వస్తే దయచేసి దాచకండి, "ఏం వేశారో తెలియదు గానీ ఒక సూది వేశారు, ఫలానా టైమ్‌కి" అని చెప్పండి. మేం తిట్టినా పట్టించుకోకండి, ముందు చెప్పండి.

పాలు దిగడానికి గేదెలకి పొడిచే సూది కూడా ఇదే అని పల్లెల్లో చాలామందికి తెలుసు. ఆ దుర్వినియోగం ఆపాలని కేంద్రం 2018లో ప్రైవేటు కంపెనీలు దీన్ని తయారుచేయకూడదని, కర్ణాటకలోని ఒక్క ప్రభుత్వరంగ సంస్థే చేయాలని ఉత్తర్వు ఇచ్చింది. దేశం మొత్తం బాలింతలకి ఒక్కచోటి నుంచే మందు అంటే కొరత వస్తే గతేమిటని కొందరు కోర్టుకి వెళ్లారు, అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. గేదె సూది అని భయపడి బాలింతకి వద్దనకండి. మందు ఒకటే అయినా డైరీ దగ్గర సంచుల్లో తిరిగే సీసా వేరు, మా ఫ్రిజ్‌లో ఉండే ఆంపూల్ వేరు.

ఫ్రిజ్ సంగతి ఎందుకంటే

ఆక్సిటోసిన్ వేడికి పాడవుతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో కరెంటు లేని గదిలో బల్ల మీద రోజుల తరబడి ఉన్న ఆంపూల్ చూడటానికి నీళ్లలా తేటగానే ఉంటుంది, రంగు మారదు, కానీ బలం తగ్గిపోయి ఉంటుంది. మీరు వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసి చూడలేరు, అది మా బాధ్యత. కానీ చిన్న నర్సింగ్ హోముల్లో "బయట మెడికల్ షాపులో ఈ సూది కొనుక్కురండి" అని చీటీ రాసిస్తారు చూడండి, అప్పుడు మీ పాత్ర ఉంది. షాపువాడు దాన్ని ఫ్రిజ్‌లోంచి తీస్తున్నాడా అరలోంచి తీస్తున్నాడా గమనించండి. ఫ్రిజ్‌లోదే అడిగి, ఎక్స్‌పైరీ తేదీ చూసి, చల్లటి నీళ్ల సీసా పక్కన పెట్టుకుని నేరుగా తెచ్చి నర్సు చేతికివ్వండి. ప్యాంటు జేబులో పెట్టుకుని టీ తాగి రావడం కుదరదు.

ఈ వేడి సమస్యకి ఒక మంచి జవాబు వచ్చింది, దాని పేరు కార్బిటోసిన్, వేడిని తట్టుకునే రకం. ఫ్రిజ్ అవసరం లేదు, 100 మైక్రోగ్రాములు ఒక్క సూది చాలు, ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. మన దేశంతో కలిపి 10 దేశాల్లో దాదాపు 30 వేలమంది తల్లుల మీద చేసిన పరిశోధన 2018లో వచ్చింది, నార్మల్ కాన్పుల్లో రక్తస్రావం ఆపడంలో ఆక్సిటోసిన్‌కి ఏమాత్రం తగ్గలేదని తేలింది, అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫారసు చేసింది. కాస్త ఖరీదు, అన్నిచోట్లా ఉండదు. మీ డాక్టరు అది వాడతానంటే సందేహించనక్కర్లేదు, అయితే ఇది కూడా బిడ్డ పుట్టాకే, ముందు అస్సలు కాదు.

బీపీ, ఆస్తమా: ఈ రెండు మాటలు మర్చిపోకుండా చెప్పాలి

ఆక్సిటోసిన్‌తో రక్తం అదుపులోకి రాకపోతే ఇంకో రెండు సూదులు ఉన్నాయి. మొదటిది మిథైల్ ఎర్గోమెట్రిన్, మేం మెథర్జిన్ అంటాం, చాలా ఏళ్లుగా వాడుతున్న మందు, గర్భసంచిని గట్టిగా బిగిస్తుంది, కానీ ఒంట్లోని మిగతా రక్తనాళాలను కూడా బిగిస్తుంది. అందుకే బీపీ ఉన్నవాళ్లకి, గర్భంలో బీపీ పెరిగి కాళ్లు మొహం వాచినవాళ్లకి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఇది ఇవ్వకూడదు, బీపీ ఒక్కసారిగా పైకి పోయి మెదడులో రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంది. రెండోది కార్బోప్రోస్ట్, 250 మైక్రోగ్రాములు కండరంలోకి ఇస్తారు, ఇది ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలను బిగిస్తుంది కాబట్టి ఆస్తమా ఉన్నవాళ్లకి పనికిరాదు.

రక్తం కారిపోతున్నప్పుడు మాకు పాత కాగితాలు తిరగేసే టైమ్ ఉండదు. చిన్నప్పటి నుంచి ఆయాసం ఉన్న అమ్మాయి పెళ్లయ్యాక అత్తవారింట్లో ఆ సంగతి చెప్పకుండా ఇన్‌హేలర్ దాచుకున్న సందర్భాలు చూశాను. అమ్మలూ, మీ పిల్లకి ఆయాసం ఉందని చెబితే ఎవరో ఏదో అనుకుంటారని దాయకండి. తల్లీబిడ్డల రక్షణ కార్డు ఉంటుంది కదా, దాని మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో రాయించండి: బీపీ ఉందా, ఆస్తమా ఉందా, గుండె జబ్బు ఉందా, ఏ మందు పడదు, బ్లడ్ గ్రూప్ ఏమిటి, ఆఖరిసారి హిమోగ్లోబిన్ ఎంత, కిందటి కాన్పులో రక్తం ఎక్కించారా.

దూరం ఊళ్లు, దారిలో కాన్పులు

మైదాన ప్రాంతంలో ఇప్పుడు ఇంట్లో కాన్పులు దాదాపు లేవు. కానీ పాడేరు, రంపచోడవరం ఏజెన్సీ గూడేల నుంచి ఇంకా డోలీలో మోసుకొస్తున్నారు, ఆదిలాబాద్ వైపు వానాకాలం వాగు పొంగితే 108 అవతలి ఒడ్డునే ఆగిపోతుంది. వీళ్లకి నేను చెప్పేది ఒక్కటే, నొప్పుల కోసం ఎదురుచూడకండి. డాక్టరు ఇచ్చిన తేదీకి వారం పది రోజుల ముందే ఆసుపత్రికి దగ్గర్లో బంధువుల ఇంటికి గానీ, ఏజెన్సీలో కొన్నిచోట్ల ఉన్న గర్భిణుల వసతి గృహానికి గానీ వచ్చేయండి.

అయినా ఇంట్లోనో బండిలోనో కాన్పయ్యే పరిస్థితి వస్తే పనికొచ్చే మందు మిసోప్రోస్టాల్ మాత్రలు. ఫ్రిజ్ అక్కర్లేదు, సూది గుచ్చడం రావాల్సిన పని లేదు. మోతాదు 600 మైక్రోగ్రాములు, అంటే 200వి మూడు మాత్రలు, బిడ్డ పుట్టగానే నీళ్లతో మింగాలి. ఈ మాత్రల సత్తా తేలింది మన పక్క రాష్ట్రంలోనే, కర్ణాటకలోని బెళగావి జిల్లా పల్లెల్లో. సాధారణ ఏఎన్ఎంలు చేసిన 1,620 కాన్పుల్లో ఈ మాత్ర ఇచ్చినవాళ్లలో రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గిందని 2006లో ప్రచురించారు. 2011లో రక్తస్రావ నివారణకి ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేరింది. ఇంటి కాన్పులు ఎక్కువగా ఉన్న మారుమూల ప్రాంతాల్లో ఆశా, ఏఎన్ఎంల ద్వారా వీటిని ముందే అందించేలా కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మీరు అలాంటి ఊళ్లో ఉంటే ఎనిమిదో నెలలోనే మీ ఏఎన్ఎంని అడగండి.

ఒక హెచ్చరిక, దీన్ని ఒకటికి రెండుసార్లు చదవండి. ఈ మాత్ర బిడ్డ పుట్టాకే. కడుపులో బిడ్డ ఉండగా వేసుకుంటే గర్భసంచి చిరిగిపోవచ్చు. ఒక బిడ్డ పుట్టాక కూడా పొట్ట మీద చెయ్యి వేసి రెండో బిడ్డ లేదని తెలిశాకే వేయాలి. వేసుకున్నాక వణుకు వస్తుంది, జ్వరం వస్తుంది, కొన్నిసార్లు ఒళ్లు కాలిపోతుంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనో ఇంకేదో అనో హడలిపోతారు, అది మందు ప్రభావమే, దుప్పటి కప్పండి, కొన్ని గంటల్లో తగ్గుతుంది. మాత్ర వేశాం కదా అని ఇంట్లోనే ఉండిపోకూడదు, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి రావాల్సిందే. దారిలో బిడ్డని తుడిచి తల్లి గుండెల మీద పడుకోబెట్టి ఇద్దరికీ కలిపి కప్పండి, రొమ్ము అందించండి, మాయ రాకపోతే బొడ్డుతాడు పట్టుకుని లాగకండి. లాగితే గర్భసంచే తిరగబడి బయటికి రావచ్చు, అంతకన్నా భయంకరమైనది నేను చూడలేదు.

మొదటి రెండు గంటలు

ఈ రెండు గంటల్లో మేం పావుగంటకోసారి వచ్చి పొట్ట నొక్కి చూస్తాం, కింద ప్యాడ్ చూస్తాం, నాడి, బీపీ చూస్తాం. అమ్మాయి "నొప్పి, వద్దు" అంటే "ఇప్పుడే కదా నిద్రపోయింది, తర్వాత రండి" అని తోడున్నవాళ్లు మమ్మల్ని పంపించేయకూడదు. వార్డు నిండా మనుషులుండి నేనొక్కదాన్నే ఉన్న రాత్రులు ఎన్నో. పావుగంటకి ఎవరూ రాకపోతే మీరే వచ్చి పిలవండి, విసుక్కున్నా సరే మళ్లీ పిలవండి.

ఇప్పుడు "చెడు రక్తం" గురించి. ఒకసారి ఒక పెద్దావిడ కోడలి పక్కన కూర్చుని గంటలో నాలుగు బట్టలు మార్చింది. ఎంతో ఓపిగ్గా, ప్రేమగానే. తడిసినవి మూటకట్టి మంచం కింద పెట్టింది, ఎవరికీ చెప్పలేదు. చెడు రక్తం ఎంత పోతే అంత మంచిదని ఆవిడ నమ్మకం, ఆవిడ అత్తగారు ఆవిడకి అదే చెప్పి ఉంటుంది. నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి పెదాలు తెల్లగా అయిపోయాయి, "దాహం, దాహం" అంటోంది, ఒళ్లంతా చల్లటి చెమట. ఆ రాత్రి ముగ్గురు దాతలు రక్తం ఇచ్చారు, అమ్మాయి బతికింది, ఇప్పుడు ఆ పాప బడికి వెళ్తోంది. ఆ పెద్దావిడ మా గది బయట గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. చెడు రక్తం అని ఏదీ లేదండీ. పోయేదంతా గుండె కొట్టి పంపిన మంచి రక్తమే. కాన్పయ్యాక కొంత పోవడం సహజం, కొన్నాళ్లు మరకలు ఉండటం సహజం, కానీ ప్యాడ్ మీద ప్యాడ్ తడవడం సహజం కాదు.

తడిసిన ప్యాడ్లు, బట్టలు పారేయకండి, ఒక కవర్లో పెట్టి మాకు చూపించండి. ఒక పెద్ద ప్యాడ్ పూర్తిగా తడిస్తే దాదాపు 100 మిల్లీలీటర్లు పోయినట్టు. కంటితో చూసి చెప్పే లెక్క ఎప్పుడూ తక్కువే వస్తుంది, అనుభవం ఉన్న డాక్టర్లకి కూడా. అర లీటరు దాటితే రక్తస్రావం అంటాం. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కొత్త మార్గదర్శకాలు అంతవరకూ కూడా ఆగొద్దంటున్నాయి, 300 మిల్లీలీటర్లు పోయి నాడి గానీ బీపీ గానీ తేడాగా ఉంటే వైద్యం మొదలుపెట్టేయాలట, నాకు ఇది ఎంతో సరైనదనిపించింది, ఎందుకంటే బీపీ పడిపోయేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది, వయసులో ఉన్న అమ్మాయిల ఒళ్లు చివరిదాకా తట్టుకుని ఒక్కసారిగా పడిపోతుంది. నాడి ముందు పరుగెడుతుంది, బీపీ తర్వాత పడుతుంది.

తోడున్న మనిషి చేయగలిగిన చిన్న పనులు రెండున్నాయి. మూత్రం పోసుకోమని గుర్తుచేయడం, నిండిన మూత్రాశయం గర్భసంచిని ముడుచుకోనివ్వదు. బిడ్డకి గంటలోపే రొమ్ము పట్టించడం, బిడ్డ చీకుతుంటే తల్లి ఒంట్లోనే ఆక్సిటోసిన్ ఊరుతుంది. బాలింతకి నీళ్లు తాగనివ్వకూడదనే పాత పత్యం మాత్రం మానేయండి, రక్తం పోయిన మనిషికి నీళ్లు కావాలి. అయితే రక్తం ఎక్కువ పోతుంటే నోటికి ఏమీ పట్టకుండా నర్సుని అడగండి, మత్తు ఇచ్చి ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లాల్సి రావచ్చు.

సూది వేసినా రక్తం ఆగకపోతే

అప్పుడు గదిలోకి ఒకేసారి నలుగురైదుగురు వస్తారు, ఒకరు పొట్ట మీద గట్టిగా రుద్దుతారు, రెండు చేతులకీ సెలైన్ పెడతారు, మళ్లీ ఆక్సిటోసిన్, ఇంకో నర్సు ఎక్కడ చిరిగిందో లైటు వేసి చూస్తుంది. చూసేవాళ్లకి కొడుతున్నట్టు ఉంటుంది, కొట్టడం కాదు, అది కండరాన్ని లేపడం. ఈ పనులన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకేసారి చేస్తేనే ఫలితం అని ఆఫ్రికాలోని కెన్యా, నైజీరియా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లో 80 ఆసుపత్రుల్లో చేసిన పరిశోధన 2023లో చూపించింది. గీతలున్న ప్లాస్టిక్ షీటుతో రక్తం కొలిచి, కొలత దాటగానే అన్నీ కలిపి చేస్తే, తీవ్ర రక్తస్రావం, దాని వల్ల పొట్ట కోయాల్సి రావడం, మరణం, ఇవన్నీ కలిపి 60 శాతం తగ్గాయి.

ఇందులో ఇంకో మందు ఉంది, ట్రానెక్సామిక్ యాసిడ్. జపాన్‌లో ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షొసుకె ఒకమోటో 1962లో కనిపెట్టారు, కాన్పు తర్వాత తల్లులు రక్తం పోయి చనిపోవడం చూసే ఆమె దీని కోసం పట్టుబట్టింది. ఇది గర్భసంచిని బిగించదు, కట్టిన రక్తపు గడ్డ కరిగిపోకుండా చూస్తుంది. 1 గ్రాము నరంలోకి పది నిమిషాల్లో నెమ్మదిగా ఇస్తారు, అరగంట తర్వాత కూడా ఆగకపోతే ఇంకోసారి. 21 దేశాల్లో 20 వేలమందికి పైగా తల్లుల మీద చేసిన పరిశోధన 2017లో తేల్చింది ఏమిటంటే, కాన్పయిన మూడు గంటల్లోపు ఇస్తేనే ప్రాణం కాపాడుతుంది, ఆలస్యమైన ప్రతి పావుగంటకీ ఉపయోగం తరిగిపోతుంది. అందుకే చిన్న ఆసుపత్రి నుంచి పెద్ద ఆసుపత్రికి పంపిస్తుంటే "ట్రానెక్సా ఇచ్చారా, ఎన్నింటికి ఇచ్చారో చీటీ మీద రాయండి" అని అడగండి. అవతల ఉన్నవాళ్లకి ఆ కాగితమే దారి.

అప్పటికప్పుడు మీ పని మూడే: సంతకం అడిగితే ఆలస్యం చేయకండి, అల్లుడు వచ్చేదాకా ఆగుదాం అనకండి, రక్తం ఇవ్వగలిగినవాళ్లని తయారుగా ఉంచండి, పెద్దాసుపత్రికి వెళ్లమంటే మంచి గంట చూసుకోకుండా బయలుదేరండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, మందులు, రక్తం, వేరే ఆసుపత్రికి తీసుకెళ్లే బండి అన్నీ ఉచితం, 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద, ఎవరైనా డబ్బులు అడిగితే ఆ పేరు చెప్పండి.

ఇదంతా మొదలయ్యేది ఏడో నెలకన్నా ముందే

మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 52.2 శాతం మందికి రక్తహీనత. హిమోగ్లోబిన్ 12 ఉన్న అమ్మాయి ముప్పావు లీటరు పోయినా తట్టుకుంటుంది, 7 ఉన్న అమ్మాయికి అందులో సగం పోయినా ప్రాణం మీదికి వస్తుంది. నాలుగో నెల నుంచి రోజూ ఒక ఐరన్ మాత్ర, 180 రోజులు. మలం నల్లగా వస్తుందనో కడుపు తిప్పుతుందనో ఆపేయకండి, రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి, టీ కాఫీలతో కలిపి వేసుకోకండి, నిమ్మకాయ నీళ్లతో అయితే బాగా పడుతుంది. మాత్రలతో పెరగకపోతే నరంలోకి ఐరన్ ఎక్కిస్తారు, ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టరు గర్భిణులని ఉచితంగా చూస్తారు, ఆరోజు అడగండి.

ఇంటికి వెళ్లాక కూడా ఆరు వారాల వరకు ఒక కన్ను వేసి ఉంచండి. తగ్గుతూ వస్తున్న రక్తం మళ్లీ ఎర్రగా ఎక్కువైనా, గంటలో ఒక ప్యాడ్ నిండినా, నిమ్మకాయంత గడ్డలు పడినా, వాసన వచ్చినా, జ్వరం, కళ్లు తిరగడం ఉన్నా లోపల మాయ ముక్క మిగిలిందేమో, ఇన్‌ఫెక్షన్ వచ్చిందేమో చూడాలి. పుట్టింట్లో ఉన్నా పురుడు కాలేదని ఆగకుండా వెళ్లిపోండి. కాన్పు తర్వాత కూడా ఐరన్ మాత్రలు ఇంకో 180 రోజులు.

డిశ్చార్జి కాగితంలో రక్తం ఎంత పోయింది, ఏ మందులు ఇచ్చారు, ఎన్ని బాటిళ్ల రక్తం ఎక్కించారు అన్నది రాయించుకుని, ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. రెండో కాన్పుకి మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజే అది చూపించాలి.